కొత్తిమీర కోసం రుషికొండ మీదుగా

మా ఇంటి నుంచి ఎంవీపీ కాలనీ రైతు బజారుకి నడిచి వెళ్తే పది నిమిషాలు. మొన్నామధ్య ఒక ఆదివారం నేను అక్కడికే, ఒక కొత్తిమీర కట్ట కోసం, బుల్లెట్ మీద బయల్దేరాను. బయల్దేరి కైలాసగిరి కింద నుంచి సాగర్ నగర్ మీదుగా రుషికొండ వెళ్లి, ఎండాడలో హైవే ఎక్కి, జూ దాటుకుని, ఇసుకతోటలో తేలాను. దాదాపు ఇరవై కిలోమీటర్లు. అంత దారిలోనూ ఒక్కసారి కూడా కుడికి తిరగలేదు. కొత్తిమీర కూడా తేలేదు.

దీనికంతటికీ మూలం నా నడుము. ఇరవై రెండేళ్లుగా బ్యాంకులో కూర్చుని వంగి వంగి పనిచేస్తున్న నడుము అది. ఈమధ్య లేచేటప్పుడు ఒక మాట, కూర్చునేటప్పుడు ఒక మాట అంటోంది. ఆ సంగతి మా బామ్మర్ది చెవిన పడింది. మావాడు గాజువాకలో ఉంటాడు. వాడికి తెలియని పని లేదు. పూర్తిగా తెలిసిన పనీ లేదు. కిందకొచ్చి నా బండి చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి, రోగం తేల్చేశాడు.

"నొప్పి నీ నడుములో లేదు బావా, హ్యాండిల్‌లో ఉంది. అది పొట్టిగా ఉండబట్టి నువ్వు ముందుకి వంగుతున్నావు. ఎత్తు హ్యాండిల్ వేయించావనుకో, సింహాసనం మీద కూచున్నట్టే."

"వేయించాలంటే ఎంతవుతుందిరా?"

"వేయించడమేటి బావా, మనమే వేసేద్దాం. నాలుగు బోల్టులు. విప్పడం, మార్చడం, బిగించడం. అక్క కాఫీ కలిపేలోపు అయిపోద్ది."

ఈ "నాలుగు బోల్టులు" అన్న మాట నా చెవిలో పడి అక్కడే కాపురం పెట్టింది. నిజమే, చూస్తే నాలుగే. హ్యాండిల్ పైపు మీద రెండు క్లాంపులు, క్లాంపుకి రెండేసి బోల్టులు. లెక్కలతో బతికేవాణ్ణి కదా, లెక్క సరిపోయేసరికి ఇంకేమీ అడగలేదు.

వారం తిరక్కుండా వాడే ఒక హ్యాండిల్ పట్టుకొచ్చాడు. పాతదాని కన్నా ఆరంగుళాలు ఎత్తు, వెండి గిన్నెలా తళతళ. మా ఆవిడ దాన్ని చూసి ఇదేమిటంది.

"దీన్ని ఏప్ హ్యాంగర్ అంటారక్కా. అమెరికాలో ఫేమస్."

"ఏప్ అంటే కోతి కదరా?"

"తోక లేని కోతి."

ఆవిడ నా వంక ఒకసారి, హ్యాండిల్ వంక ఒకసారి చూసి, "పేరు సరిగ్గానే పెట్టారు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం ఎనిమిది గంటలకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ముహూర్తం. మొదటి బోల్టు దగ్గరే సముద్రం అడ్డొచ్చింది. ఒడ్డుకి దగ్గర్లో ఇల్లున్న విశాఖ వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. గేటు గడియ, పిల్లాడి సైకిలు చైను, బట్టలారేసే తీగ, ఏసీ బయట పెట్టె, దేన్నీ ఆ ఉప్పు గాలి వదలదు. ఇక్కడ కాపురం అంటే ఇంట్లో ఉన్న ఇనుమంతా నెల నెలా వాయిదాల్లో సముద్రానికి కట్టుకోవడమే. నా బోల్టులు ఎన్నేళ్లుగా కడుతున్నాయో గానీ, స్పానర్ పెడితే బోల్టు తిరక్కుండా బండే తిరిగింది.

తుప్పు వదిలే నూనె కొట్టాలన్నాడు బామ్మర్ది. అది మా ఇంట్లో లేదు. ఉన్నది మా ఆవిడ తలకి రాసుకునే ఉసిరికాయ నూనె. అడిగితే ఇవ్వదు కాబట్టి అడక్కుండా తెచ్చాను. పోసి, అరగంట నానబెట్టి, స్పానర్‌కి ఒక ఇనప గొట్టం తొడిగి ఇద్దరం వేలాడితే "క్రీచ్" మని ఒక్కొక్కటీ కదిలింది. ఘుమఘుమలాడుతూ ఊడొచ్చిన బోల్టుల్ని ఆరోజే చూశాను.

బోల్టులైతే నాలుగే. కానీ హ్యాండిల్ ఊరికే ఒక పైపు కాదన్న సంగతి దాన్ని పైకెత్తాక గానీ తెలియలేదు. కుడి వైపు యాక్సిలరేటర్ కేబులు, ముందు బ్రేకు కేబులు. ఎడమ వైపు క్లచ్ కేబులు. రెండు వైపులా స్విచ్ డబ్బాలు, వాటిలోంచి జడపాయల్లా దిగిన రంగు రంగుల వైర్లు. మేం ఎత్తితే అవన్నీ కూడా లేచాయి. పెళ్లికూతురు ఒక్కతే అనుకుని వెళ్తే వెనకాల ముత్తైదువలంతా లేచి నిలబడ్డట్టు.

అన్నీ విప్పాం. గ్రిప్పులు రావడానికి గిన్నెలు తోమే సబ్బునీళ్లు ఎక్కించాం. చక్కగా జారి వచ్చాయి. కొత్త పైపుకి ఎక్కించడానికీ అవే సబ్బునీళ్లు. ఇంకా చక్కగా జారి ఎక్కాయి. జారి ఎక్కింది జారి దిగుతుందన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కడికీ రాలేదు. తర్వాత తెలిసింది, మెకానిక్కులు ఈ పనికి చుక్క పెట్రోలు వాడతారట. అది ఆవిరైపోయి రబ్బరు పట్టుకుంటుంది. సబ్బు అలా కాదు, చెమట తగిలితే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. విశాఖలో చెమటకి కరువా?

ఇక స్విచ్ డబ్బా. దాని లోపల పెసరగింజంత మేకు ఒకటి ఉంటుంది. పాత పైపుకి దానికి సరిపడా చిన్న కన్నం. మేకు ఆ కన్నంలో కూర్చుంటేనే డబ్బా గిర్రున తిరక్కుండా నిలుస్తుంది. కొత్త పైపు లావు సరిగ్గా పాతదానంతే, 22 మిల్లీమీటర్లు, గ్రిప్పులూ డబ్బాలూ అతికినట్టు సరిపోయాయి. కన్నం మాత్రం లేదు.

"డ్రిల్లుతో కన్నం వెయ్యాలి కాబోలురా."

"పైపుకి కన్నం వేస్తే బలం తగ్గిపోద్ది బావా" అని, వాడు ఆకురాయి తీసి ఆ పెసరగింజని అరగదీసేశాడు. అంత ధైర్యంగా చేస్తుంటే కాదనడానికి నోరు రాలేదు.

కేబుళ్లు పొట్టి పడ్డాయి. ఆరంగుళాలు పైకి వెళ్లిన చేతిని అందుకోవాలంటే అవీ ఆరంగుళాలు పెరగాలి కదా? పెరగలేదు. మేం లాగాం. ఫోర్కు పక్క నుంచి వంపు తిరిగి రావలసినవాటిని అడ్డదారిన తెచ్చి, క్లిప్పుల్లోంచి తప్పించి, ఎలాగో కొక్కేలకి తగిలించాం. తగిలాయి. అప్పుడు అదే విజయంలా అనిపించింది. వైర్లూ అంతే. లాగి డబ్బాలో కుక్కి మూత స్క్రూలు బిగిస్తుంటే లోపల ఏదో మెత్తగా నలిగినట్టయింది. మా బామ్మర్ది "సర్దుకుంటాది" అన్నాడు.

ఈ తతంగమంతా మా మూడో అంతస్తు పెద్దాయన స్కూటర్ మీద కూర్చుని చూస్తున్నారు. ఆయన్ని అందరం కమాండర్ గారూ అంటాం. నేవీలో ఓడల ఇంజిన్ రూముల్లో ముప్పై ఏళ్లు చేసి వచ్చిన మనిషి. మూడు గంటల్లో ఆయన నోరు విప్పింది ఒక్కసారి.

"హ్యాండిలు ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి చూసుకున్నారా?"

"ఇదుగోనండి" అని బామ్మర్ది తిప్పి చూపించాడు. తిరిగింది. తాళం తీసేసి, ఇంజిన్ ఆపేసి ఉన్నప్పుడు ఏదైనా తిరుగుతుంది.

"స్టార్ట్ చేసి తిప్పండి" అన్నారాయన. సరిగ్గా అప్పుడే పై నుంచి మా ఆవిడ కేక: "చారు పొయ్యి మీద పెట్టాను, కొత్తిమీర లేదు!" ట్రయల్‌కి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని నేను కిక్కు కొట్టి బయటపడ్డాను. అద్దంలో కమాండర్ గారు ఏమంటున్నారో చూద్దామనుకుంటే నా మోచేయి కనిపించింది. రెండో అద్దంలో రెండో మోచేయి.

గేటు దాటి ఎడమకి తిప్పగానే బండి "గుర్ర్" మని ఒక్క ఉరుకు ఉరికింది. కొత్త హ్యాండిల్ వల్ల పికప్ పెరిగిందని మురిసిపోయాను, మీరు నమ్మండి నమ్మకపోండి. నిటారుగా కూర్చున్నాను. నడుము ఏమీ అనలేదు. రెండు చేతులూ భుజాల ఎత్తున, చంకల్లోకి సముద్రపు గాలి. ఆ రెండు నిమిషాలూ నా జీవితంలో మంచి రోజుల కింద లెక్క.

రైతు బజారుకి కుడికి తిరగాలి. తిప్పాను.

హారన్ మోగింది. నేను నొక్కలేదు. మోగుతూనే ఉంది. దాంతోపాటు బండి పట్టు వదిలేసి, ఇంజిన్ మాత్రం అరుస్తూ, రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు, తోటకూర తింటున్న ఒక ఆవు తప్ప. నేను పని గట్టుకుని ఆ ఆవు మీద హారన్ కొడుతున్నట్టుంది చూసేవాళ్లకి. కూరగాయల బుట్ట పక్కన కూర్చున్న ఒక అమ్మ లేచి నిలబడి, "ఏటి బాబూ, నోరు లేని జీవం మీదేటి నీ పెతాపం?" అంది. కంగారులో హ్యాండిల్ తిన్నగా చేశాను. హారన్ ఆగింది, బండి కదిలింది. మళ్లీ కుడికి అన్నాను. మళ్లీ హారన్, మళ్లీ ఆగడం. ఆవు వెళ్లిపోయింది.

నా బండి కొత్త రాజ్యాంగం అప్పుడు అర్థమైంది. కుడికి తిప్పితే ఎడమ చెయ్యి ముందుకి వెళ్తుంది. అటు ఉన్న క్లచ్ కేబులు బిగుసుకుని క్లచ్ దానంతటదే పడిపోతుంది, నలిగిన హారన్ వైరు దేనికో తగిలి మోగుతుంది. ఎడమకి తిప్పితే కుడి చెయ్యి ముందుకి వెళ్తుంది, యాక్సిలరేటర్ కేబులు లాగేసి బండి ఉరుకుతుంది. అంటే కుడికైతే గోల, ప్రయాణం లేదు. ఎడమకైతే ప్రయాణం, అదుపు లేదు. తిన్నగా వెళ్తే మాత్రం బంగారం.

తిన్నగా వెళ్లాను. వెళ్తే ఏమొస్తుంది? విశాఖపట్నంలో తూర్పుకి తిన్నగా వెళ్తే సముద్రం వస్తుంది. అప్పుఘర్ దగ్గర బీచ్ రోడ్డు తగిలింది. కుడికి ఆర్కే బీచ్, ఎడమకి భీమిలి. నాకు ఎంచుకునే హక్కు లేదు. భీమిలి వైపు ఉరికాను.

దిగి నెట్టుకుంటూ తిప్పుకోవచ్చు కదా అని మీరనొచ్చు. తెన్నేటి పార్కు దగ్గర ఆపి, తాళం తీసి, ఆ ప్రయత్నమూ చేశాను. బండి 180 కిలోల పైచిలుకు, అక్కడ రోడ్డు ఎగువ, నాకు నడుము. నాలుగడుగులకి రొప్పుతూ పిట్టగోడ మీద కూలబడ్డాను. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి గాలివానకి కొట్టుకొచ్చి అక్కడే కింద రాళ్ల మధ్య చిక్కుకుంది, గుర్తుందా? ఊరంతా వెళ్లి దాని ముందు సెల్ఫీలు తీసుకున్నాం. ఆ కెప్టెన్ ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకు ఆరోజే తెలిసింది. ఇద్దరు కుర్రాళ్లు నా దగ్గరకొచ్చి, "అంకుల్, హ్యాండిల్ సూపరుంది, ఎక్కడేయించారు?" అన్నారు. నేనే వేశానన్నాను. సిగ్గు లేకుండా కొంచెం గర్వంగానే అన్నాను.

అక్కడి నుంచి బీచ్ రోడ్డు మెలికలు మీకు తెలియనివి కాదు. కొంచెం కుడికి వంపు తిరిగిన ప్రతి చోటా నా బండి "పీ" మంది. గోడ మీద జంటలు ఉలిక్కిపడి దూరం జరిగారు. కొందరు లేచి నాకు దణ్ణం పెట్టారు, ఎవరి నాన్న అనుకున్నారో. జోడుగుళ్లపాలెం దాటాక ఎడమ చేతి గ్రిప్పు చెమటకి సబ్బు నురగతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది. మళ్లీ తోశాను. మళ్లీ వచ్చింది. అక్కడి నుంచి ఎడమ చేత్తో నేను చేసింది ఒక్కటే పని, దాన్ని లోపలికి నెట్టడం.

రుషికొండ దగ్గర ఎడమకి తిరిగితే ఎండాడ వస్తుందని, ఎండాడలో ఎడమకి తిరిగితే హైవే మనూరి వైపే వస్తుందని, ఇసుకతోటలో ఇంకోసారి ఎడమకి తిరిగితే ఎంవీపీ కాలనీయేనని ఉన్నట్టుండి బుర్రకి తట్టింది. ఈ ఊరి పటం గీసినవాళ్లకి చెయ్యెత్తి మొక్కాలనిపించింది. చేతులు ఎలాగూ ఎత్తే ఉన్నాయి.

ఎండాడ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ నన్ను తేరిపార చూశాడు.

"ఏటి సార్, ఆపకముందే చేతులెత్తీసేరు?"

నవ్వుదామనుకున్నాను, రాలేదు. కంపెనీ ఇచ్చిన బండిలో సొంత మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఊరుకోదని, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయలని మా బ్యాంకులోనే ఎవరో అంటుండగా విన్నాను. హ్యాండిల్ ఒకటి, అరగదీసిన పెసరగింజ రెండు అని మనసులో లెక్క మొదలెట్టాను. ఆయన మాత్రం గ్రిప్పు పట్టుకున్న నా చేతిని, నురగని చూసి, ఏమనుకున్నాడో, "బేగి మెకానిక్ కాడికెల్లండి" అని పచ్చలైటు పడకుండానే ఎడమకి దారి ఇచ్చాడు. బండి ఉరికింది. థాంక్స్ చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు.

జూ గేటు ముందు నుంచి వెళ్తున్నప్పుడు ఏప్ హ్యాంగర్ గురించి మా ఆవిడ అన్నమాట గుర్తొచ్చింది. అటు చూడలేదు.

ఇసుకతోటలో, దేవుడి దయ వల్ల రోడ్డుకి ఎడమ పక్కనే, ఒక మెకానిక్ షెడ్డు. కుర్రాడికి ముప్పై ఏళ్లుంటాయి. బండి చుట్టూ తిరగలేదు, ప్రశ్నలు అడగలేదు. వంగి క్లచ్ కేబుల్ని చూపుడు వేలితో మీటాడు. "టంగ్" మంది. వీణ తీగ.

"ఎవులు బిగించేర్సార్?"

"మా బామ్మర్ది."

"ఇటు రండి, కిందకి సూడండి" అని నన్ను కార్బురేటర్ పక్కన కూచోబెట్టి హ్యాండిల్ మెల్లగా ఎడమకి తిప్పాడు. కేబులు తొడుగు దాని గూట్లోంచి గోరంత పైకి లేచింది. ఇంజిన్ స్వరం పెరిగింది. తిన్నగా చేశాడు, తొడుగు కూర్చుంది, స్వరం తగ్గింది. "సూసేరా? మీరు తిప్పుతున్నది హ్యాండిలు కాదు, యాక్సిలరేటరు." తర్వాత స్విచ్ డబ్బా మూత విప్పి, నలిగి రాగి బయటపడ్డ వైరుని చిటికెన వేలితో పైకెత్తి చూపించాడు. బోల్టు తల వాసన చూసి, "నూనేటి సార్, ఉసిరికాయా?" అన్నాడు.

ఎత్తు హ్యాండిల్ తప్పు కాదట. దానికి తగ్గ పొడుగు కేబుళ్లు మూడూ వేసి, హెడ్‌లైటు విప్పి వైర్లు అతికి పొడిగించి, కన్నం కొలిచి వేసి, ఇంజిన్ స్టార్ట్‌లో ఉంచి ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి చూసుకోవాలట. కమాండర్ గారి ముఖం కళ్ల ముందు మెదిలింది. సామాను రావడానికి రెండు రోజులన్నాడు. నాకు రెండు రోజుల ఓపిక లేదు, పాతదే వేసెయ్యమన్నాను.

ఫోన్ చేస్తే బామ్మర్ది పాత హ్యాండిల్ని శివధనుస్సులా భుజాన వేసుకుని స్కూటర్ మీద వచ్చాడు. వస్తూనే, "బావా, పికప్ ఎలా ఉంది?" అన్నాడు. మెకానిక్ కుర్రాడు తల తిప్పుకుని నవ్వుకున్నాడు. గంటలో అన్నీ యథాస్థానానికి వచ్చాయి, ఆ పెసరగింజ తప్ప. దాని బదులు ఏదో ప్యాకింగ్ పెట్టి బిగించాడు. ఎంతివ్వమంటావంటే కొత్త హ్యాండిల్ వైపు చూశాడు.

"మీరిక అదేసుకోరు కదా. డబ్బులొద్దు సార్, అదొగ్గీసి ఎల్లండి."

ఒగ్గేసి వచ్చాను. ఇంటికొచ్చేసరికి రెండున్నర. చారు కొత్తిమీర లేకుండానే మరిగి, కొత్తిమీర లేకుండానే అయిపోయింది. మా ఆవిడ ఏమీ అడగలేదు. ఉసిరికాయ నూనె సీసా మాత్రం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

నెల తర్వాత ఒక సాయంత్రం అప్పుఘర్ దగ్గర బఠానీ చాట్ తింటూ నిలబడ్డాను. ఒక బుల్లెట్ వచ్చింది. ఆరంగుళాల ఎత్తు హ్యాండిల్, వెండి గిన్నెలా తళతళ. పైన మెకానిక్ కుర్రాడు, వెన్ను నిటారుగా, చేతులు ఒయ్యారంగా. నన్ను చూసి తలూపాడు. ఎదురొచ్చే బస్సు వెళ్లేదాకా ఆగి, ఆర్కే బీచ్ వైపు మెల్లగా కుడికి తిరిగాడు. హారన్ మోగలేదు.